గోల్‌కీపర్ సంతకం

రెజిమెంటల్ బజార్‌లో పటాలు కట్టే పాత దుకాణం ఒకటుంది. కొన్నేళ్ల కిందట, మా హాల్లో పెట్టుకునే బైబిల్ వాక్యానికి ఫ్రేము కట్టించుకుందామని అక్కడికి వెళ్లాను. దుకాణం యజమాని మూలన పడున్న టేకు ఫ్రేము ఒకటి తీసి, గుడ్డతో తుడిచి నా ముందు పెట్టాడు.

"పాత టేకు మేడమ్, గిప్పుడు దొరకది. లోపలి ఫోటో తీసి పడేసి మీ వాక్యం కూసోపెడతా," అన్నాడు.

లోపల ఒక ఫుట్‌బాల్ జట్టు ఉంది. ముందు వరుస నేలమీద కూర్చుంది, వెనక వరుస చేతులు కట్టుకుని నిలబడింది. అందరి ఛాతీల మీదుగా, మోకాళ్ల మీదుగా నీలం సిరా సంతకాలు. ఫ్రేము మీరే ఉంచుకోండి, ఫోటో నాకివ్వండి అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఆ ఫోటోని పాత పేపర్లో చుట్టి ఇచ్చాడు. వాక్యానికి ఫ్రేము సంగతి ఇద్దరం మరిచిపోయాం.

నేను లెక్కల టీచర్ని. జీవితంలో ఒక్కసారి కూడా బంతిని తన్నలేదు. కానీ మా నాన్న ఉద్యోగం మీద గుంటూరు నుంచి సికింద్రాబాద్ వచ్చినవాడు. కొత్త ఊళ్లో ఆయనకు దొరికిన మొదటి స్నేహం ఫుట్‌బాల్ గ్రౌండే. శనివారం మధ్యాహ్నం అన్నం తినగానే నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని మ్యాచికి తీసుకెళ్లేవాడు. అంత జనంలో నేనొక్కదాన్నే ఆడపిల్లని. బంతి ఎటు పోతుందో చూడకు, బంతి లేనివాళ్లు ఎటు పరుగెడుతున్నారో చూడు అని నేర్పింది ఆయనే. ఈ ఊళ్లో ఒకప్పుడు ఎలాంటి ఆటగాళ్లుండేవారో ఆయన చెప్పగా విన్నాను. వాళ్ల సంతకాలు నా చేతికొచ్చేసరికి ఇక ఆగలేకపోయాను.

పాత ఫోటోలు సేకరించడం ఓపిక పని. చిత్తు కాగితాల దుకాణాలు, మూతబడుతున్న స్టూడియోలు, ఇల్లు ఖాళీ చేసేవాళ్ల అటకలు, అన్నీ తిరగాలి. కొన్నిటి మీద సంతకం ఫోటోతో పాటే అచ్చయి ఉంటుంది. ఫోటోని వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూస్తే తెలిసిపోతుంది. నిజమైన సిరా ఫోటో మెరుపు మీద వేరే పొరలా కనిపిస్తుంది, పాళీ నొక్కిన చోట కాగితం మీద సన్నటి గాడి ఉంటుంది. దొరికిన ప్రతి ఫోటోనీ బటర్ పేపర్‌లో పెట్టి, వెనక పెన్సిల్‌తో వివరం రాసి, మా బీరువాలో చీరల అర ఒకటి ఖాళీ చేసి అందులో పెట్టాను. మా ఆయన మొదట్లో నవ్వేవాడు. తర్వాత తర్వాత బంధువులొస్తే ఆయనే ఆ అర తెరిచి చూపించడం మొదలుపెట్టాడు.

ఇలా తిరుగుతుండగా కాప్రాలో ఉండే ఒక రిటైర్డ్ ఇంగ్లీషు మాస్టారి గురించి తెలిసింది. మా చర్చివాళ్లకి దూరపు చుట్టం. కుర్రతనంలో పేరున్న ఫార్వర్డ్. ఎనభై దాటినా వంగని మనిషి. ఇంట్లో కూడా ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని ఉంటారు. ఆయన హాల్లో, యేసుప్రభువు పటానికి ఎదురుగోడ మీద ఉన్న ఫోటో చూసి నేను కూర్చోవడం మరిచిపోయాను.

అందులో గోల్‌కీపర్ గాల్లో ఉన్నాడు. ఒళ్లంతా నేలకు సమాంతరంగా చాచి, రెండు చేతులూ గోల్‌పోస్టు పైమూలకి సాచి ఉన్నాడు. బంతి ఆ చేతి వేళ్ల చివర, అడ్డకర్ర కింద ఉంది. ఎడమ పక్కన, తన్నిన కాలు ఇంకా కిందికి దించని కుర్రాడు. ఆ కుర్రాడే మాస్టారు. కింద ఆయన సంతకం, దాని పక్కనే ఇంగ్లీషులో రెండు ముక్కలు: నా గోలు.

అరవై ఏళ్ల నాటి ఫైనల్ అది. ఆ ఒక్క గోలుతోనే మాస్టారి జట్టు కప్పు గెలిచింది. ఆయన ఆ కథ నాకు లేచి నిలబడి చెప్పారు. రెండో సగం ఆఖర్లో కొట్టారట. కొట్టి ఆగలేదట. ఆ ఊపులోనే గోల్‌పోస్టు వెనకున్న ప్రహరీగోడ దాకా పరుగెత్తి, గోడెక్కి కూర్చున్న జనాన్ని కౌగిలించుకుంటే, వాళ్లు ఈయన్ని పైకి లాగేసుకున్నారట. రిఫరీ వచ్చి కిందికి దింపాల్సొచ్చిందట.

ఆ ఫోటో నాకు ఇస్తారా అని అడిగే ధైర్యం చేశాను. ఆయన ఫోటోని మేకు మీంచి దించి నా చేతికిచ్చారు.

"దీనికి ఇంకో సంతకం కావాలమ్మా," అన్నారు. "అంత ఎగిరిన గోల్‌కీపర్ని నేను మళ్లీ చూడలేదు. ఇద్దరి సంతకాలూ ఉంటేనే ఇది నిండుగా ఉంటుంది. ఎన్నోసార్లు కబురు పెట్టాను, చెయ్యనన్నాడు. అతనితో చేయించు, ఫోటో నీదే. చెయ్యకపోతే తెచ్చి మళ్లీ ఈ మేకుకే తగిలించు."

ఆ గోల్‌కీపర్ మౌలాలిలో, గుట్ట కనిపించే ఒక సందులో కూతురి దగ్గర ఉంటున్నారు. రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. నేను వెళ్లేసరికి కూతురు గుమ్మంలోనే ఆపి, నాన్న ఫుట్‌బాల్ మాటలు ఎన్నయినా మాట్లాడతాడు గానీ ఆ ఫైనల్ ఊసు మాత్రం ఎత్తొద్దని చెప్పింది. నేను వచ్చిందే దానికోసం అన్నాను. ఆమె నిట్టూర్చి లోపలికి రమ్మంది.

ఆయన పొడగరి. మంచం మీద కూర్చున్నా ఆ చేతుల పొడవు తెలుస్తూనే ఉంది. నన్ను బిడ్డా అని పిలిచి, చాయ్ తాగేదాకా పని మాట ఎత్తనివ్వలేదు. ఫోటో బయటికి తీయగానే మాత్రం, దానివైపు చూడకుండానే తీసుకుని టీపాయ్ మీద బోర్లించారు.

"చూసెటిదేముంది బిడ్డా. ఊరంతా చూసింది," అన్నారు.

తర్వాత ఆయనే చెప్పారు. మ్యాచ్ అయిన మర్నాడే ఆ ఫోటోని బజార్లో ఒక ఆటసామాన్ల దుకాణంవాళ్లు అద్దాల వెనక పెట్టారట. కప్పు తెచ్చిన గోలు ఇదేనని కింద రాశారట. వచ్చేపోయేవాళ్లు ఆగి చూసేవారు, గాలిని పట్టుకున్నోడు అని నవ్వేవారు. ఆయన పనికి వెళ్లే దారి అదే. దారి మార్చుకున్నారు. మరుసటి ఏడు జట్టులో చోటు పోయింది. తర్వాత వేరే జట్లకి ఆడారు, బాగానే ఆడారు, కానీ ఎక్కడికి వెళ్లినా ఆ ఫోటో ఆయనకంటే ముందే వెళ్లి కూర్చునేది. ఆ ఫోటోని ఆయన ఒక్కసారైనా దగ్గరికెళ్లి చూడలేదు.

ఆ రోజు ఆట గురించి అడిగితే మాత్రం చెప్పడానికి వెనకాడలేదు. గ్రౌండంతా గరుకు మొరం నేలట. సగం ఆట అయిపోవస్తుండగా ఒకడి కాళ్ల మీద పడి బంతి లాక్కోబోతే మోకాలు చీలిపోయిందట. ఆయన లుంగీ కొంచెం పైకి జరిపి ఆ మచ్చ చూపించారు.

"హాఫ్ టైముల తెల్ల దస్తీ తీస్కొని గట్టిగ కట్టిన. రెండో సగమంతా ఆ దస్తీతోనే ఆడిన. కప్పు పోయింది, దస్తీ నిండ నెత్తురు. ఇంటికి పోయినంక మా అమ్మ దాన్ని పొయ్యిల పడేసింది."

ఇన్ని గోల్స్ ఆపారు కదా, ఆ రోజు ఆపినవి ఏమీ గుర్తులేవా అని అడిగాను.

"ఆపినయి ఎవరికి యాదుంటయ్ బిడ్డా? తిన్న గోల్సే యాదుంటయ్," అన్నారు.

సంతకం మాట మళ్లీ ఎత్తాలనిపించలేదు. ఫోటోని బోర్లించినట్టే తీసుకుని సంచిలో పెట్టుకుని వచ్చేశాను. కాప్రా వెళ్లి మాస్టారికి తిరిగి ఇవ్వాలి, కానీ పరీక్షల పేపర్లు దిద్దాలన్న సాకుతో రోజులు జరిపాను. ఇవ్వడానికి మనసు రాలేదు, అంతే.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక భోజనాల బల్ల మీద ఎండ చక్కగా పడుతోంది. ఇచ్చేసేముందు ఒకసారి తనివితీరా చూసుకుందామని భూతద్దం తెచ్చుకున్నాను. మాస్టారి సంతకం చూశాను, బంతి మీది లేసు కుట్లు చూశాను, గోల్‌కీపర్ వేళ్లు చూశాను. వేలికీ బంతికీ మధ్య వెలుతురు లేదు. తగిలినట్టే ఉంది. సరే, తగిలినా లోపలికి వెళ్లి ఉంటుంది అనుకున్నాను. అద్దం మెల్లగా కిందికి జరిపాను. నడుము, నిక్కరు, మోకాళ్లు.

రెండు మోకాళ్లూ ఉత్తవే. శుభ్రంగా, నున్నగా ఉన్నాయి.

బ్లాక్ అండ్ వైట్ ఫోటోలో అన్నిటికంటే ముందు కంటబడేది తెల్లగుడ్డే. అది లేదంటే లేదు. రెండో సగమంతా దస్తీతోనే ఆడాను అన్న మనిషి మోకాలికి దస్తీ లేదంటే, ఈ ఫోటో రెండో సగంలోది కాదు. మొదటి సగంలోది. మొదటి సగంలో గోలే లేదు. మ్యాచ్ మొత్తానికి ఒక్కటే గోలు, అది రెండో సగం ఆఖర్లో.

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మా ఆయన వంటింట్లోంచి అన్నం పెట్టనా అని అడిగితే ఏం చెప్పానో గుర్తులేదు. మళ్లీ కూర్చుని ఈసారి నెట్ వెనక ఏముందో చూశాను. షామియానా ఉంది. దాని కింద కుర్చీల్లో టోపీలు పెట్టుకున్న పెద్దమనుషులున్నారు. గోడ అన్నది ఎక్కడా లేదు.

రాణిగంజ్‌లో తెలిసిన ల్యాబులో ఫోటోని స్కాన్ చేయించి పెద్దగా ప్రింటు వేయించాను. పెద్దదాంట్లో ఇంకా తేటగా కనిపించింది. మధ్యవేలు కొస బంతికి ఆని, కొద్దిగా వెనక్కి వంగి ఉంది.

అప్పుడు మొదలైంది నా భయం. మౌలాలికి వెళ్లేముందు కాప్రా వెళ్లాలి. ఒక పెద్దాయన ఇన్నేళ్లుగా గోడకి తగిలించుకుని వచ్చినవాళ్లందరికీ చూపించిన ఫోటో అది. అది మీరనుకున్నది కాదు సార్ అని ఏ నోటితో చెప్పను?

చెప్పకుండా, ఆ గోలు కథ మళ్లీ ఒకసారి చెప్పమన్నాను. ఆయన సంతోషంగా లేచి నిలబడి చెప్పారు. కథలో గోడ దాకా వచ్చారు. జనాన్ని కౌగిలించుకున్నారు.

"ఆ గోడ ఈ ఫోటోలో ఎక్కడుంది సార్?" అన్నాను.

ఆయన నా చేతిలోంచి పెద్ద ప్రింటు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లారు. ప్రింటుని వెలుతురుకి పట్టి నెట్ వెనక వెతికారు. నేను దస్తీ సంగతి చెప్పాను. ఆయన వచ్చి కూర్చుని, కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. ఈయన మనసు కష్టపెట్టానేమో అనుకున్నాను.

"షామియానా మొదటి సగంలో మేం గోలు కొట్టాల్సిన వైపు ఉండేది, గోడ రెండో సగంలో," అన్నారు చివరికి. "ఆ సగంలో నేనొక షాట్ కొట్టాను. లోపలికి వెళ్లిపోయిందనే అనుకుని సంబరంగా చేతులు పైకెత్తాను. చూస్తే బంతి కర్ర మీద నుంచి బయటికి పోయింది. మాకు కార్నర్ ఇచ్చారు. కీపర్ చెయ్యి తగలలేదేమో అని నేను రిఫరీ వంక చూశాను కూడా."

అవతలి జట్టువాళ్లకి తగిలి బయటికి పోతేనే కార్నర్ ఇస్తారు, అక్కడ బంతికి అందింది గోల్‌కీపర్ చెయ్యి ఒక్కటే. ఆయన చెప్పాల్సింది ఇంకేమీ లేదు. మాస్టారు లేచి, చెప్పులు వెతుక్కుని వేసుకున్నారు.

"నన్ను మౌలాలి తీసుకెళ్లమ్మా. ఇది నేనే చెప్పాలి."

ఆటోలో ఆయన ఆ ప్రింటుని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. సందు మొదట్లో దిగి, నా భుజం మీద చెయ్యి వేసుకుని నడిచారు. తలుపు తీసిన కూతురికి నేను సంగతి చెప్పేలోపే ఆయన లోపలికి వెళ్లి మంచం ముందు నిలబడ్డారు. గోల్‌కీపర్ ఆయన్ని పోల్చుకోలేదు. మాస్టారు తన పేరు చెప్పారు. గోల్‌కీపర్ ముఖం బిగుసుకుంది, కానీ ఇంటికొచ్చిన మనిషికి కుర్చీ వేయమని కూతురితో చెప్పారు.

మాస్టారు కూర్చోలేదు. పెద్ద ప్రింటుని ఆయన ఒళ్లో పెట్టి, మోకాలు చూడమన్నారు. గోల్‌కీపర్ ముఖం తిప్పుకున్నారు. అప్పుడు కూతురు వచ్చి, తండ్రి పక్కన కూర్చుని, నా భూతద్దం తీసుకుని ఫోటో మీద పట్టింది. చూడు నాన్నా, అని మెల్లగా అంది. ఆయన కూతురి మాట కాదనలేక చూశారు. ఆ ఫోటోని చూడటం అదే మొదలు.

చాలాసేపు మోకాళ్ల మీదే ఆగిపోయింది చూపు.

"దస్తీ ఏది?" అన్నారు. ఎవరినీ అడగలేదు, తనలో తనే అనుకున్నారు. మళ్లీ అన్నారు, "ఇది ఫస్ట్ హాఫ్."

"అవును," అన్నారు మాస్టారు. "ఇది నేను కొట్టిన గోలు కాదు. నువ్వు ఆపిన బంతి. ఇన్నేళ్లూ నువ్వు ఆపిన బంతిని నా గోలని చెప్పుకున్నాను. నాకూ తెలీదు. ఇవాళే తెలిసింది."

గోల్‌కీపర్ అద్దాన్ని తన చేతుల్లోకి తీసుకున్నారు. మోకాలి నుంచి పైకి, నడుము మీదుగా, చేతుల మీదుగా, వేళ్ల దాకా మెల్లగా వెళ్లారు. బంతి దగ్గర ఆగారు. కుడిచెయ్యి పైకెత్తి, మధ్యవేలు కొద్దిగా వెనక్కి వంచి చూసుకున్నారు.

"కార్నర్ అయింది," అన్నారు. "ఎడమ దిక్కు నుంచి కొట్టిన్రు. అది సుత నేనే పట్టిన."

ఆ తర్వాత ఆయన నవ్వడం మొదలుపెట్టారు. గొంతులోంచి వచ్చే నవ్వు కాదు, ఒళ్లంతా కదిలింది. మాస్టారు ఇక కూర్చున్నారు, కుర్చీలో కాదు, ఆయన పక్కన మంచం మీదే. కూతురు వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుని, పక్కింటివాళ్లని పిలుచుకొచ్చింది. వాళ్లెవరికీ ఆ మ్యాచ్ తెలియదు, అయినా అందరూ వంతులవారీగా భూతద్దంలో చూశారు. గోల్‌కీపర్ ప్రతివాళ్లకీ ఆ వేలు చూపించారు.

నేను సంచిలోంచి అసలు ఫోటో, సిరా నింపిన పెన్నూ తీసి ఇచ్చాను. మెరుపు కాగితం మీద సిరా జారుతుంది, నిదానంగా రాయండి అని చెప్పాను. ఎక్కడ చేయమంటావని అడిగారు. ఎక్కడైనా సరే అన్నాను. బంతికి పైన, ఆకాశం ఖాళీగా ఉన్నచోట తెలుగులో తన పేరు రాశారు. పేరు కింద ఇంకొక మాట రాశారు: లోపలికి పోలే.

మాస్టారు తన రెండు ముక్కల్ని కొట్టేస్తానని పెన్ను అడిగారు. నేను ఒప్పుకునేలోపే గోల్‌కీపర్ పెన్నుకి మూత పెట్టేశారు.

"ఉండనియ్ మాస్టర్. అటెన్క సెకండ్ హాఫ్‌ల కొట్టినవ్ గద," అన్నారు.

ఆ ఫోటో నాదైంది. ఇంటికి వెళ్తూ ఆటోలో గట్టిగా కీర్తన పాడుకున్నాను. డ్రైవరు అద్దంలోంచి రెండుసార్లు చూశాడు. చూస్తే చూడనీ అనుకున్నాను. ఇన్నేళ్లు సేకరించిన వాటిలో సంతకం కోసం నేను తిరిగినవే అన్నీ. ఈ ఒక్కదానికి మాత్రం సంతకం తేవడంతో పాటు ఫోటో అర్థం కూడా మార్చాను. లెక్కల టీచర్ని కదా, తప్పు దిద్దడంలో ఉండే సుఖం నాకు తెలుసు. కానీ ఇంత సుఖం ఏ పేపర్లోనూ ఎరగను.

ఈ ఏడు మా చర్చి హాల్లో నా ఫోటోలన్నీ ప్రదర్శనకి పెట్టాను. గోడలనిండా జట్లు, కప్పులు, బురద కాళ్లు. ఈ ఫోటోని గుమ్మానికి ఎదురుగా పెట్టాం. కింద అట్టమీద, ఇది గోలు కాదు, గోలుని ఆపిన క్షణం అని పెద్ద అక్షరాలతో రాయించింది మాస్టారే. గోల్‌కీపర్ తెల్లచొక్కా వేసుకుని, చేతికర్ర ఆన్చుకుంటూ కూతురితో వచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. ఫోటో పక్కనే నిలబడి, వచ్చినవాళ్లకి చెప్పడం మొదలుపెడితే మధ్యాహ్నం భోజనానికి కూడా కదల్లేదు.

సాయంత్రం ఒక కాలేజీ అమ్మాయిల జట్టు వచ్చింది. వాళ్ల గోల్‌కీపర్ ఫోటో ముందు చాలాసేపు నిలబడి, అంత పైమూలకి అందాలంటే మొదటి అడుగు ఎటు వేయాలి తాతా అని అడిగింది. ఆయన చెప్పడానికి నోరు తెరిచి, మాటలు చాలక, చేతికర్రని కూతురికి ఇచ్చారు. ఆమె వద్దంటూనే ఉంది. ఆయన హాలు మధ్యకి వచ్చి, కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి, అరచేతులు తెరిచి నిలబడ్డారు. ఆ అమ్మాయి ఆయనకి ఎదురుగా అలాగే నిలబడింది. ఆయన తల ఊపి, ఆమె ఎడమ పాదాన్ని ఇంకొంచెం బయటికి జరపమని వేలితో చూపించారు.